సంస్థ మారినా నంబరు మారదు: మూడు రాష్ట్రాల సరిహద్దులో మొబైల్ నంబరు బదిలీ సౌకర్యం

ప్రత్యేక వ్యాసం

ఖమ్మం: సెల్‌ఫోన్ వినియోగదారులు తమకు సేవలందిస్తున్న సంస్థను వదలి వేరొక సంస్థలో చేరినప్పటికీ, పాత నంబరునే యథాతథంగా కొనసాగించుకునే సౌకర్యం 2011 జనవరి 20 నుండి దేశమంతటా అమలులో ఉన్నది. మొబైల్ నంబర్ పోర్టబిలిటీగా వ్యవహరించే ఈ సౌకర్యం 2015 జూలై 3 నుండి ఒక టెలికాం సర్వీస్ ప్రాంతం విడిచి మరొక ప్రాంతానికి తరలివెళ్లేవారికి కూడా వర్తిస్తున్నది. పట్టణాలలో ఇది అందరికీ తెలిసిన విషయమే. అయితే ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ మండలాలలోనూ, వాటికి చేరువలో ఉన్న ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా గ్రామాలలోనూ ఈ సౌకర్యాన్ని వినియోగించుకునేవారు ప్రత్యేకంగా గమనించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి.

మైదాన ప్రాంతంలో సంస్థ ఎంపికలో పొరపాటు జరిగితే కలిగేది కొంత అసౌకర్యం మాత్రమే. ఒకే టవరుపై ఆధారపడిన అటవీ గ్రామంలో అదే పొరపాటు జరిగితే 90 రోజులపాటు ఫోను మూగబోయే ప్రమాదం ఉన్నది. ఎందుకంటే, ఒకసారి మారిన తరువాత తిరిగి మారడానికి 90 రోజులు ఆగవలసి ఉంటుంది. నంబరును నిలుపుకోవడం చట్టం కల్పించిన వెసులుబాటు. ఆ వెసులుబాటు ప్రయోజనం మాత్రం ఊరిలో అందే సిగ్నలును బట్టి ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి చూచినప్పుడే సరియైన నిర్ణయం సాధ్యమవుతుంది.

నంబరు ఎందుకు ముఖ్యం?

సెల్‌ఫోన్ కొత్తగా వచ్చిన రోజులలో నంబరు కేవలం మాట్లాడుకోవడానికి ఉద్దేశించినది. నేడు అది వ్యక్తి చిరునామాతో సమానం. ఆధార్, బ్యాంకు ఖాతా, వంటగ్యాస్, పింఛను, రైతు ఖాతాలో జమయ్యే సొమ్ము, ఆసుపత్రి నమోదు, విద్యార్థుల ఉపకార వేతన దరఖాస్తు, వీటన్నింటికీ ఒకే నంబరు జోడించబడి ఉంటుంది. ఆ నంబరుకు వచ్చే ఒకసారి వాడే సంకేత సంఖ్య, అనగా ఓటీపీ, లేనిదే అనేక లావాదేవీలు ముందుకు సాగవు. నంబరు మారితే ఈ నమోదులన్నింటినీ ఒక్కొక్కచోట విడివిడిగా మార్పించుకోవలసి వస్తుంది. చర్ల, దుమ్ముగూడెం వంటి మండలాల లోతట్టు గూడేల నివాసికి ఈ పనిపై పట్టణానికి రావడమంటే ఒక దినం కూలి వదులుకోవడమే.

ఈ సౌకర్యం లేని కాలంలో సేవలు నచ్చకపోయినా, సిగ్నలు సరిగా అందకపోయినా, నంబరు పోతుందన్న జంకుతో వినియోగదారులు పాత సంస్థలోనే కొనసాగవలసి వచ్చేది. వ్యాపారి తన దుకాణం బోర్డుపై రాయించుకున్న నంబరును, మెకానిక్ తన ఖాతాదారులకు ఇచ్చుకున్న నంబరును వదులుకోవడానికి సిద్ధపడేవాడు కాదు. ఆ విధంగా నంబరు సంస్థల చేతిలో వినియోగదారుని కట్టివేసే పగ్గంగా పరిణమించింది. ఆ పగ్గాన్ని తెంచడమే ఈ విధానం ముఖ్యోద్దేశం.

నేపథ్యం

మొబైల్ నంబరు బదిలీ విధానాన్ని 1997లో సింగపూర్ ప్రారంభించింది. 1999లో హాంకాంగ్, బ్రిటన్, 2003 నవంబరులో అమెరికా ఈ విధానాన్ని అమలు చేశాయి. 2007 మార్చిలో పాకిస్తాన్‌లో కూడా ఇది అమలులోకి వచ్చింది. మన దేశంలో భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అనగా ట్రాయ్, 2006 మార్చిలో ఈ సౌకర్యాన్ని ప్రవేశపెట్టవలసిందిగా సిఫారసు చేసింది. కేంద్ర టెలికాం శాఖ 2008 ఆగస్టులో మార్గదర్శకాలు విడుదల చేసింది. 2009 సెప్టెంబరు 23న ట్రాయ్ నిబంధనలను జారీ చేసింది. ఒక్కొక్క బదిలీకి గరిష్ఠంగా 19 రూపాయలు చొప్పున రుసుము అదే ఏడాది నిర్ణయించబడింది. ఆ రుసుము తరువాతి కాలంలో తగ్గింది.

2010 నవంబరు 25న హర్యానాలో తొలుత ఈ సౌకర్యం ప్రారంభమైంది. రెండు నెలలు గడవకముందే, 2011 జనవరి 20న, అప్పటి ప్రధానమంత్రి డాక్టర్ మన్మోహన్ సింగ్ దీనిని జాతీయ స్థాయిలో ప్రారంభించారు. ఒకే సర్వీస్ ప్రాంతంలో సంస్థను మార్చుకోవడానికి మాత్రమే అప్పట్లో వీలుండేది. దేశమంతటా ఎక్కడికి వెళ్లినా నంబరు వెంట వచ్చే ఏర్పాటు చేయాలని 2012 నాటి జాతీయ టెలికాం విధానం లక్ష్యంగా ప్రకటించింది. ఆ లక్ష్యం 2015 జూలై 3న నెరవేరింది. 2024లో దేశం మొత్తం మీద అందిన బదిలీ అభ్యర్థనల సంఖ్య 100 కోట్లు దాటడం ఈ సౌకర్యానికి లభించిన ఆదరణకు నిదర్శనం.

సంస్థలు మూతపడినప్పుడు ఈ విధానం ఆపద్బంధువుగా నిలిచింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులను రద్దు చేసినప్పుడు, 2017 చివరలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాయిస్ సేవలు నిలిచిపోయినప్పుడు, 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా ప్రక్రియకు దరఖాస్తు చేసుకున్నప్పుడు, లక్షలాది వినియోగదారులు నంబరు కోల్పోకుండా ఇతర సంస్థలకు మారగలిగారు.

రాష్ట్ర సరిహద్దు వేరు, సర్వీస్ ప్రాంతం వేరు

ఈ ప్రాంత ప్రజలకు తరచూ సందేహం కలిగించే విషయం ఇది. టెలికాం లైసెన్సుల నిమిత్తం దేశాన్ని 22 సర్వీస్ ప్రాంతాలుగా విభజించారు. వీటినే వాడుకలో సర్కిళ్లు అంటున్నాము. ఈ విభజన రాష్ట్రాల ఎల్లలతో అన్నిచోట్లా సరిపోలదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పటికీ, లైసెన్సుల విషయంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిసి ‘ఆంధ్రప్రదేశ్’ అనే ఒకే సర్వీస్ ప్రాంతంగా కొనసాగుతున్నాయి. అదేవిధంగా 2000 సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినా, సర్వీస్ ప్రాంతం రీత్యా అది నేటికీ మధ్యప్రదేశ్‌తో కలిసే ఉన్నది. ఒడిశా విడిగా మరొక సర్వీస్ ప్రాంతం.

భద్రాచలం నుండి జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారిని ఉదాహరణగా తీసుకొనవచ్చు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉన్నది. పట్టణం దాటగానే వచ్చే ఎటపాక, అక్కడినుండి చింతూరు వరకు గల ప్రాంతం 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు దృష్ట్యా ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయిన మండలాలలోనిది. ఇక్కడ రాష్ట్రం మారుతుంది గాని సర్వీస్ ప్రాంతం మారదు. చింతూరు దాటి కుంట చేరుకుంటే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని సుక్మా జిల్లా. అక్కడ రాష్ట్రంతోపాటు సర్వీస్ ప్రాంతం కూడా మారుతుంది. కుంటకు ఎదురుగా శబరి నది ఆవలి ఒడ్డున ఉన్న మోటు ఒడిశాలోని మల్కనగిరి జిల్లాకు చెందినది. అక్కడికి వెళితే మూడవ సర్వీస్ ప్రాంతం. ఈ విధంగా కొద్ది కిలోమీటర్ల వ్యవధిలో మూడు రాష్ట్రాలు మాత్రమే గాక మూడు సర్వీస్ ప్రాంతాలు కలుసుకునే చోటు ఇది.

దీని ఫలితం ఏమిటంటే, భద్రాచలంలో తీసుకున్న నంబరుతో చింతూరులోనో, కూనవరంలోనో, విజయవాడలోనో స్థిరపడినవారు సంస్థ మారదలిస్తే అది ఒకే ప్రాంతంలోని బదిలీ అవుతుంది. 3 పని దినాలలో అది పూర్తికావలసి ఉంటుంది. కుంటలో తీసుకున్న నంబరుతో భద్రాచలంలో స్థిరపడినవారు మారదలిస్తే అది అంతర్ ప్రాంత బదిలీ అవుతుంది. దానికి గడువు 5 పని దినాలు. మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుండి చర్ల, వెంకటాపురం, ఖమ్మం పరిసరాలకు వచ్చే కూలీలు, ఇక్కడే స్థిరపడిన గుత్తికోయ కుటుంబాలు, ఉద్యోగరీత్యా బదిలీ అయ్యే ఉపాధ్యాయులు, రక్షణ దళాల సిబ్బంది ఈ తేడాను గమనించాలి. 2015 జూలైకి ముందు ఇటువంటివారు నంబరు వదులుకోవడమో, రోమింగ్‌లో కొనసాగడమో తప్ప వేరు మార్గం లేకుండేది.

కొద్దికాలం కొరకు సరిహద్దు దాటేవారు బదిలీకి దరఖాస్తు చేయవలసిన అవసరం లేదు. సరిహద్దు గ్రామాలలో ఫోను ఒక్కొక్కసారి పొరుగు రాష్ట్రపు టవరును అందుకుని రోమింగ్ అని చూపడం సహజమే. అంతమాత్రాన నంబరు సర్వీస్ ప్రాంతం మారినట్లు కాదు.

దరఖాస్తు విధానం

2018 డిసెంబరులో సవరించబడి, 2019 డిసెంబరు 16 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం బదిలీ ప్రక్రియ ఈ క్రింది విధంగా ఉంటుంది.

మొదటగా, వినియోగదారుడు తన ఫోను నుండి ‘పోర్ట్’ అనే పదాన్ని ఆంగ్ల అక్షరాలలో టైపు చేసి, కొంత ఖాళీ విడిచి, తన 10 అంకెల నంబరు చేర్చి 1900 నంబరుకు ఎస్ఎంఎస్ పంపాలి. అర్హతలు సరిపోయినట్లయితే 8 అక్షరాలు, అంకెలు కలిగిన యూనిక్ పోర్టింగ్ కోడ్ వెంటనే ఎస్ఎంఎస్ ద్వారా వస్తుంది. మన ప్రాంతంలో ఈ కోడ్ 4 రోజులు చెల్లుబాటవుతుంది. జమ్మూ కాశ్మీర్, అసోం, ఈశాన్య రాష్ట్రాలలో మాత్రం ఈ గడువు 30 రోజులు.

రెండవదిగా, గడువు తీరకముందే తాను చేరదలచిన సంస్థ కేంద్రానికి వెళ్లి, కోడ్‌ను తెలియజేసి, గుర్తింపు, చిరునామా ధ్రువీకరణ పూర్తిచేసి, దరఖాస్తు సమర్పించి కొత్త సిమ్ పొందాలి. ఏ నంబరు నుండి కోడ్ వచ్చిందో ఆ నంబరు ఎవరి పేరిట ఉన్నదో వారే స్వయంగా దరఖాస్తు చేయాలి. మనసు మార్చుకున్నవారు దరఖాస్తు ఇచ్చిన 24 గంటలలోగా 1900 నంబరుకే ‘క్యాన్సిల్’ అనే పదంతో, నంబరు చేర్చి సందేశం పంపి అభ్యర్థనను ఉపసంహరించుకోవచ్చు.

మూడవదిగా, బదిలీ జరిగే తేదీ, సమయం ఎస్ఎంఎస్ ద్వారా తెలుస్తాయి. ఆ సమయంలో పాత సిమ్ పనిచేయడం ఆగిపోతుంది. కొద్ది గంటల వ్యవధిలో కొత్త సిమ్ పనిచేయడం ప్రారంభిస్తుంది. ఈ మధ్యకాలంలో కాల్స్ గాని, ఓటీపీలు గాని అందవు. కాబట్టి బ్యాంకు పనులు, దరఖాస్తు గడువులు, ఆసుపత్రి ప్రయాణాలు ఉన్న రోజున బదిలీ జరగకుండా చూసుకోవడం మంచిది. ప్రీపెయిడ్ వినియోగదారుల ఖాతాలో మిగిలిన సొమ్ము, డేటా కొత్త సంస్థకు బదిలీ కావు. ఉన్న ప్లాను గడువు ముగిసే దశలో దరఖాస్తు చేస్తే నష్టం తక్కువగా ఉంటుంది.

ఎప్పుడు కోడ్ రాదు?

పాత విధానంలో కోడ్ ముందుగా జారీ అయ్యేది, అర్హతల పరిశీలన తరువాత జరిగేది. ఫలితంగా వినియోగదారుడు దరఖాస్తు చేసి ఎదురు చూచిన తరువాత తిరస్కరణ సమాచారం వచ్చేది. 2019 డిసెంబరు నుండి ఈ క్రమం తారుమారైంది. అర్హతలను ముందుగానే పాత సంస్థ నుండి తెలుసుకుని, అన్నీ సరిపోయినప్పుడే కోడ్ జారీ చేస్తున్నారు. దూరప్రాంతాల నుండి వచ్చేవారికి వృథా ప్రయాణం తప్పించిన మార్పు ఇది.

ప్రస్తుత సంస్థలో 90 రోజులు పూర్తికాకపోయినా, పోస్ట్‌పెయిడ్ వినియోగదారునికి గడువు దాటిన బిల్లు బకాయి ఉన్నా, యాజమాన్య మార్పు దరఖాస్తు పెండింగులో ఉన్నా, నంబరు న్యాయస్థానంలో వివాదంలో ఉన్నా, బదిలీని న్యాయస్థానం నిషేధించినా, ఒప్పందంలోని షరతులు నెరవేరకపోయినా కోడ్ రాదు. కార్యాలయాల పేరిట ఉన్న నంబర్లకు అధీకృత అధికారి సంతకం చేసిన లేఖ అవసరం. తగిన కారణం లేకుండా అభ్యర్థనను తిరస్కరించిన సంస్థపై ఒక్కొక్క సందర్భానికి 10,000 రూపాయల వరకు ఆర్థిక చర్య తీసుకునే అధికారం నిబంధనల ప్రకారం ట్రాయ్‌కి ఉన్నది.

పోస్ట్‌పెయిడ్ నంబరు మారిన తరువాత కూడా చివరి నెల బిల్లును పాత సంస్థకు చెల్లించవలసి ఉంటుంది. చెల్లించని పక్షంలో, పాత సంస్థ అభ్యర్థన మేరకు కొత్త సంస్థలో సైతం సేవలు నిలిచిపోయే అవకాశం ఉన్నది.

కాల్ ఎలా చేరుతుంది?

ఒకప్పుడు నంబరులోని మొదటి అంకెలే సంస్థను, సర్కిల్‌ను సూచించేవి. మన ప్రాంతంలో 9440తో మొదలైతే బీఎస్ఎన్ఎల్ అని అందరూ చెప్పగలిగేవారు. నంబరు బదిలీ సౌకర్యం వచ్చిన తరువాత ఆ గుర్తు చెల్లదు. మనం ఒక నంబరుకు ఫోను చేయగానే, మన సంస్థ ముందుగా బదిలీ అయిన నంబర్ల పట్టికను పరిశీలిస్తుంది. ఆ నంబరు ప్రస్తుతం ఏ సంస్థలో, ఏ సర్వీస్ ప్రాంతంలో ఉన్నదో సూచించే మార్గ సంఖ్యను గ్రహించి, కాల్‌ను నేరుగా అక్కడికి పంపుతుంది. తపాలా కార్యాలయంలో చిరునామా మార్పు పుస్తకం చూచి ఉత్తరాన్ని కొత్త ఇంటికి పంపడంతో దీనిని పోల్చవచ్చు. తేడా ఏమిటంటే, ఇది రెప్పపాటులో జరిగిపోతుంది.

ఈ పట్టిక నిర్వహణకై దేశాన్ని 11 సర్వీస్ ప్రాంతాల చొప్పున రెండు మండలాలుగా విభజించి, వేర్వేరు సంస్థలకు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా సర్వీస్ ప్రాంతాలు మూడూ రెండవ మండలంలోనే ఉన్నాయి. బదిలీ అయిన నంబరును వినియోగదారుడు శాశ్వతంగా వదులుకుంటే, అది మొదట ఆ నంబరు కేటాయించిన సంస్థకే తిరిగి చేరుతుంది.

సిగ్నలు చూచుకున్న తరువాతనే సంతకం

సంస్థ మారే ముందు అటవీ గ్రామాలవారు పరిశీలించవలసిన మొదటి అంశం సిగ్నలు. భద్రాచలం పట్టణంలో బాగా పనిచేసిన నెట్‌వర్కు, గోదావరి ఆవలి గట్టునో, గుట్టల నడుమనున్న గూడెంలోనో పనిచేస్తుందన్న హామీ లేదు. దట్టమైన అడవి, కొండలు సిగ్నలును అడ్డగిస్తాయి. చేరదలచిన సంస్థ సిమ్ ఉన్న బంధువులనో, స్నేహితులనో పిలిపించి, ఇంటి లోపల, పొలం వద్ద, వర్షం కురిసే వేళ, విద్యుత్తు పోయిన సమయంలో ఫోను పనిచేస్తున్నదో లేదో పరీక్షించుకోవాలి. అన్ని వేళలా పనిచేస్తేనే దరఖాస్తు చేయడం శ్రేయస్కరం.

రెండవ అంశం చేతిలోని ఫోను. కొన్ని నెట్‌వర్కులు 4జీ, అంతకు పై పరిజ్ఞానంతో మాత్రమే పనిచేస్తాయి. 2జీ మాత్రమే పనిచేసే పాత బటన్ ఫోనులో అటువంటి సిమ్ వేస్తే కాల్స్ రావు, పోవు. కొత్త ఫోను కొనే స్తోమత లేనివారు ఈ విషయం తెలుసుకోకుండా మారితే, నంబరు నిలిచినా మాట నిలిచిపోతుంది.

వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలో టవర్ల నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వం 2014లో ఆమోదించిన పథకం మొదటి దశలో, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాతో సహా 10 రాష్ట్రాలలో 2,343 టవర్లను బీఎస్ఎన్ఎల్ నెలకొల్పింది. వీటిని 2జీ నుండి 4జీకి పెంచేందుకు 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం అనుమతి మంజూరు చేసింది. 4జీ అందని గ్రామాలన్నింటికీ సేవలు చేర్చే పథకం 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం పొందింది. ఇటువంటి టవర్లు ఉన్న గ్రామాలలో ఒకే సంస్థ సిగ్నలు అందడం వలన, నంబరు బదిలీ సౌకర్యం ఆ ఒక్క సంస్థలో చేరడానికి మాత్రమే ఉపయోగపడేది.

ఈ పరిస్థితిని సరిదిద్దే దిశగా 2025 జనవరి 17న ఒక ముఖ్యమైన ఏర్పాటు ప్రారంభమైంది. డిజిటల్ భారత్ నిధి సహాయంతో నిర్మించిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో సంస్థల వినియోగదారులు ఉమ్మడిగా వాడుకునే విధానం అది. సుమారు 27,000 టవర్ల ద్వారా 35,400కు పైగా గ్రామాలకు దీని ప్రయోజనం కలుగుతుందని ప్రకటించారు. టవరు ఒకరిదైనా సేవ వేరొకరి నుండి పొందగలిగిన చోట సిగ్నలు కొరకు సంస్థ మారవలసిన అవసరమే రాకపోవచ్చు. కాబట్టి బదిలీకి ముందు, తమ గ్రామపు టవరులో ఈ ఉమ్మడి ఏర్పాటు ఉన్నదా అని విచారించుకోవాలి.

సిమ్ ఒకరి పేరిట, వాడకం వేరొకరిది

గుర్తింపు పత్రాలు లేని రోజులలో బంధువుల పేరిటనో, పరిచయస్తుల పేరిటనో సిమ్ తీసుకుని ఏళ్ల తరబడి వాడుతున్నవారు గ్రామాలలో కనిపిస్తారు. ఇటువంటివారు నేరుగా బదిలీకి దరఖాస్తు చేయలేరు. ముందుగా ప్రస్తుత సంస్థలోనే నంబరును తమ పేరిట మార్పించుకోవాలి. ఆ ప్రక్రియ పూర్తయ్యేవరకు బదిలీ కోడ్ రాదు. సిమ్ ఎవరి పేరిట ఉన్నదో వారు దూరమైనా, మరణించినా ఇబ్బంది మరింత పెరుగుతుంది కాబట్టి, మారే ఉద్దేశం లేనివారు సైతం ఈ పని ముందుగానే చేసుకోవడం మేలు. తన పేరిట ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో తెలుసుకునే వీలును టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్ ద్వారా కల్పించింది. ఒక వ్యక్తి పేరిట గరిష్ఠంగా 9 కనెక్షన్లు ఉండవచ్చు.

మోసాల పట్ల జాగ్రత్త

పోర్టింగ్ కోడ్ ఇంటి తాళంచెవి వంటిది. దానిని ఎవరికీ ఫోనులో చెప్పరాదు. నంబరును తమ అదుపులోకి తెచ్చుకున్న మోసగాళ్లు దాని ద్వారా వచ్చే ఓటీపీలతో బ్యాంకు ఖాతాలను ఖాళీ చేసే ప్రమాదం ఉన్నది. ఈ కారణంగానే 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, సిమ్ పోయిందనో, పాడైందనో కొత్త సిమ్ తీసుకున్న తేదీ నుండి 7 రోజుల వరకు బదిలీ కోడ్ జారీ చేయరు. అకారణంగా సిమ్ పనిచేయడం మానివేసినా, తాను కోరకుండానే 1900 నుండి సందేశం వచ్చినా వెంటనే సంస్థకు, బ్యాంకుకు తెలియజేయాలి.

ఫిర్యాదు ఉన్నవారు ముందుగా సంబంధిత సంస్థ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేయించి, ఫిర్యాదు సంఖ్య పొందాలి. పరిష్కారం లభించకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారిని, ఆ తరువాత టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగాన్ని ఆశ్రయించవచ్చు. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా విచారించదు.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

గోదావరి వరదల సమయంలో సమాచార వ్యవస్థ ప్రాణాధారం. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అవుతాయి. 2022 జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఇటువంటి వేళ తహసీల్దారు కార్యాలయం వద్ద ఉన్న గ్రామ ప్రతినిధులు, ఆశా కార్యకర్తలు, పడవ నడిపేవారి నంబర్లు సరిగా ఉండడంపైనే తరలింపు చర్యలు ఆధారపడతాయి. సంస్థ మారినా నంబరు మారకపోవడం వలన ఆ జాబితాలు చెల్లుబాటులో ఉంటాయి. అయితే ఒక విషయాన్ని జాబితాలలో అదనంగా నమోదు చేయడం అవసరం. నంబరు చూచి అది ఏ సంస్థదో చెప్పలేము గనుక, ఆ వ్యక్తి ప్రస్తుతం ఏ నెట్‌వర్కులో ఉన్నాడో అడిగి రాసుకోవాలి. ఒక సంస్థ టవరు దెబ్బతిన్నప్పుడు ఊరిలో ఎవరిని సంప్రదించగలమో అప్పుడే తెలుస్తుంది.

అదేవిధంగా మొదటి అంకెలను బట్టి నంబరు ఫలానా రాష్ట్రానిదని నిర్ధారించడం కూడా ఇకపై సరికాదు. ఛత్తీస్‌గఢ్‌లో తీసుకున్న నంబరు భద్రాచలంలో స్థానిక నంబరుగా, ఖమ్మంలో తీసుకున్న నంబరు సుక్మాలో స్థానిక నంబరుగా ఉండవచ్చు. వార్తలలోనూ, నివేదికలలోనూ నంబరు ఆధారంగా వ్యక్తి ప్రాంతాన్ని పేర్కొనేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం. కార్యాలయ హోదాకు కేటాయించిన నంబర్లు హోదాకే చెందుతాయి గనుక, అధికారి బదిలీ అయినప్పుడు వాటిని వ్యక్తిగతంగా వెంట తీసుకువెళ్లే వీలు లేదు.

గ్రామసభలలో, సంతలలో, ఆశ్రమ పాఠశాలల తల్లిదండ్రుల సమావేశాలలో ఈ సమాచారాన్ని కోయ, తెలుగు భాషలలో వివరించగలిగితే అర్హులైన వారందరికీ చేరుతుంది. చెప్పవలసినవి ముఖ్యంగా నాలుగు మాటలు: ముందు ఊరిలో సిగ్నలు, ఆ తరువాత చేతిలోని ఫోను, పిదప సిమ్ ఎవరి పేరిట ఉన్నది, చివరగా 90 రోజుల నియమం. ఈ నాలుగూ సరిచూచుకున్న తరువాతనే 1900కు సందేశం పంపాలి.

(సమాచార, పౌర సంబంధాల శాఖ ప్రత్యేక వ్యాసం)